ముందు అన్నం, తర్వాత మాట

అమ్మాయీ,

మొన్న ఫోనులో నువ్వడిగిన మాటకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతోంది, ఆ తర్వాత వంట, పిల్లల హోంవర్కు, మర్నాటి లంచ్ బాక్సులు, ఇక కుటుంబ ప్రార్థనకు టైమెక్కడిది పెద్దమ్మా అన్నావు. సండేస్కూల్లో విన్న కథలు తప్ప పిల్లలకు భక్తి అంటే తెలియకుండా పోతోందని గొంతు పూడుకుపోతుంటే చెప్పావు. నీ బాధ నాకు అర్థమైంది. కాకపోతే భక్తి నేర్పడానికి రోజులో వేరే గంట ఒకటి కావాలని నువ్వు అనుకుంటున్నావు. ఆ గంట దొరికితే మంచిదే. దొరకని ఇళ్ళే ఇప్పుడు ఎక్కువ. ఆ ఇళ్ళ గడప దేవుడు తొక్కడని ఎక్కడా రాసిలేదు.

సువార్తలు ఒకసారి మళ్ళీ తీసి చూడు. ప్రభువు ఉపమానాలకు సరుకు ఎక్కడి నుంచి వచ్చింది? వెలిగించి కుంచం కింద దాచిపెట్టకూడని దీపం. మూడు కుంచాల పిండిలో పులిసిన పిండి కలిపే ఇల్లాలు. పాత బట్టకు కొత్త గుడ్డతో వేసిన మాసిక. పది నాణేల్లో ఒకటి కనపడకపోతే ఇల్లంతా ఊడ్చి వెతికి, దొరికాక ఇరుగుపొరుగు అమ్మలక్కలను పిలిచి సంబరపడ్డ ఆవిడ. అర్ధరాత్రి రొట్టెలు బదులడగడానికి వచ్చిన స్నేహితుడికి, పిల్లలు పడుకున్నారు లేవలేను పొమ్మని లోపలి నుంచే చెప్పిన మనిషి. సంతవీధిలో కాసేపు పెళ్ళాట, కాసేపు చావు ఏడుపుల ఆట ఆడుకుంటూ, మాతో ఎందుకు ఆడరని గొడవపడే పిల్లలు. ఆయన ఊరూరా తిరిగి బోధించిన కాలం సుమారు మూడేళ్ళు. అంతకుముందు దాదాపు ముప్ఫై ఏళ్ళు నజరేతులో ఒక వడ్రంగి ఇంట్లో, తల్లి, తమ్ముళ్ళు, చెల్లెళ్ళ మధ్య బతికాడు. ఆ ఇంట్లో, ఆ వీధిలో చూసినవే తర్వాత కొండమీద, పడవలో కూర్చుని చెప్పాడని నా నమ్మకం.

మోషే మాట కూడా ఇదే. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో పిల్లలకు నేర్పమని చెప్పిన వేళలు చూడు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. పిల్లలను ప్రత్యక్ష గుడారానికి తీసుకొచ్చి నేర్పమని అక్కడ లేదు. ఆ నాలుగు వేళలూ నీ దగ్గర ఉన్నాయి. స్కూలు వ్యాను కోసం గేటు దగ్గర నిలబడే కాసేపు కూడా దారిలో నడిచే వేళ కిందికే వస్తుంది.

అయితే ఇది విని, పాలు పొంగితే ఒక పాఠం, కరెంటు పోతే ఒక పాఠం చెప్పడం మొదలుపెట్టకు. అలాంటి తల్లిదండ్రులను చూశాను. వాళ్ళ గొంతు మారగానే పిల్లలు పసిగట్టేస్తారు, వినడం మానేస్తారు. రోజుకు ఒక్క మాట చాలు. కొన్ని రోజులు అదీ అక్కర్లేదు. ఇంట్లో ఏదైనా జరిగినప్పుడు ఇందులోంచి పిల్లలకు ఏం చెప్పాలా అని కాకుండా, ప్రభువు ఇప్పుడు నాకేం చెబుతున్నాడని అడుక్కో. నీకు అందితేనే వాళ్ళకు చేరుతుంది.

నీకొక అధ్యాయం గుర్తుచేస్తాను. యోహాను సువార్తలో చివరిది. రాత్రంతా వల వేసినా ఒక్క చేపా పడని శిష్యులకు, తెల్లవారేసరికి ఒడ్డు మీది మనిషి మాటతో వల నిండింది. గట్టుకు వచ్చి చూస్తే నిప్పులు, వాటి మీద చేప, పక్కన రొట్టె. వండిపెట్టింది సమాధిని గెలిచి లేచిన ప్రభువు. వచ్చినవాళ్ళలో పేతురు ఉన్నాడు. కొన్నాళ్ళ కిందట ప్రధానయాజకుడి ముంగిట్లో, అచ్చంగా ఇలాంటి బొగ్గుల నిప్పు దగ్గరే చలి కాచుకుంటూ, ఆయనెవరో తెలియదని బొంకినవాడు. వలలో పడ్డ చేపలు 153 అని లెక్క రాసిపెట్టిన యోహాను, ప్రభువు పేతురును అడగాల్సింది భోజనాలయ్యాకే అడిగాడని కూడా రాశాడు. ముందు తినిపించాడు. తర్వాత అడిగాడు. ఎందుకు అలా చేశావని కాదు, నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు. చివరికి గొర్రెలను కాసే పని అప్పజెప్పాడు.

మీ పెద్దవాడు క్లాసులో ఎవరిదో జామెట్రీ బాక్సు తెచ్చుకున్నాడని తెలిసిన రోజు, వాడు బూట్లు కూడా విప్పకముందే గుమ్మంలో నిలదీశావు. వాడు భయపడి అబద్ధమాడాడు. అబద్ధానికి ఇంకో దెబ్బ పడింది. అన్నం తినకుండా పడుకున్నాడు. నిన్ను తప్పుపట్టాలని చెప్పడం లేదు తల్లీ, నువ్వే ఏడుస్తూ నాతో చెప్పుకున్న సంగతి ఇది. చూసీచూడనట్టు పోనివ్వమని కూడా అనను. పేతురును ప్రభువు ఊరికే వదల్లేదు. మూడుసార్లు అడిగాడు, మూడోసారికి పేతురు నొచ్చుకున్నాడు కూడా. కానీ అప్పటికి పేతురు కడుపు నిండి ఉంది, చలి తీరి ఉంది, పక్కన కూర్చున్నవాడు తనను తరిమేయడని తెలిసి ఉంది. ఈసారి అలాంటిదేమైనా జరిగితే, కాళ్ళూ చేతులూ కడిగించి, అన్నం పెట్టి, వాడి పక్కన కూర్చుని అడుగు. తెచ్చిన వస్తువు మర్నాడు వాడి చేతే ఇప్పించు. నువ్వూ వెంట వెళ్ళు. సిగ్గుపడే వేళ వాడు ఒంటరిగా ఉండకూడదు. పెద్దయ్యాక వాడు ఆ అధ్యాయం చదివినప్పుడు, ఆ ఒడ్డున కూర్చున్న ప్రభువును గుర్తుపడతాడు.

ఈ సందర్భంలో మీ తాతయ్య సంగతి చెప్పాలి. నాన్న మిషన్ బడిలో టీచరు, సాయంత్రాలు ఉపదేశి పని. మంచివాడు, కోపిష్టి. ఒక ఆదివారం గుడిలో పోగైన కానుకల డబ్బు తక్కువైందని మీ మావయ్యను అనుమానించి బెత్తంతో కొట్టాడు. సాయంత్రానికి ఆ చిల్లర ఆయన కీర్తనల పుస్తకం అట్టలోనే, కాగితంలో చుట్టి దొరికింది. ఆ రాత్రి చాప పరిచి అందరం ప్రార్థనకు కూర్చున్నాక, పాట ఎత్తుకోకుండా నాన్న మీ మావయ్య వైపు తిరిగాడు. నేను తప్పు చేశాను, నన్ను క్షమించు, ఇవాళ నా కోసం నువ్వు ప్రార్థన చెయ్యి అన్నాడు. అన్నయ్యకు ఏం చెయ్యాలో తోచక పరలోక ప్రార్థన గబగబా అప్పజెప్పాడు. అప్పులు క్షమించమనే చోటికి వచ్చేసరికి నాన్న గొంతు కూడా కలిసింది. ఆ కాలంలో కొడుకు ముందు తల వంచిన తండ్రిని మా వాడలో ఇంకొకరిని నేను చూడలేదు. క్షమాపణ గురించి ఆయన గుడిలో చెప్పిన ప్రసంగాలు ఎన్నో ఉండి ఉంటాయి. మా ఇంట్లో అందరికీ గుర్తున్నది ఆ రాత్రి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. చెప్పవలసిన పాఠాల కంటే చెప్పకూడని పాఠాల గురించి ఎక్కువ జాగ్రత్త పడు.

పిల్లకు జ్వరమొస్తే నిన్న ప్రార్థన ఎగ్గొట్టావు కదా, అందుకే అనే మాట మన ఇళ్ళల్లో ఎంత తేలిగ్గా వచ్చేస్తుందో! ఆ పసిదాని మనసులో దేవుడంటే బెత్తం పట్టుకుని మంచం పక్కన నిలబడ్డవాడని ముద్రపడిపోతుంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, వాడి అమ్మానాన్నలదీ కాదని ప్రభువు తేల్చి చెప్పాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులని అనుకోవద్దన్నాడు. యోబు స్నేహితులు ముగ్గురూ వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. నోరు తెరిచి, అతని కష్టానికి కారణం వివరించడం మొదలుపెట్టాకే చెడగొట్టారు. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ళమీదే. కాబట్టి జ్వరమొస్తే మాత్ర వెయ్యి, నుదుటి మీద తడిగుడ్డ వెయ్యి, పక్కన కూర్చుని చిన్న ప్రార్థన చెయ్యి. కారణాలు వెతకకు.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. గుడిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు వింటూ ఉంటావు కదా. మా అబ్బాయికి ర్యాంకు వచ్చింది, అమ్మాయికి వీసా వచ్చింది, ప్రభువు మమ్మల్ని విడిచిపెట్టలేదు. కృతజ్ఞత చెప్పుకోవడం ఎప్పుడూ మంచిదే. కానీ అదే గుడిలో, వెనక వరసలో, సీటు రాని పిల్లవాడూ వాడి తల్లీ కూర్చుని ఉంటారు. వాళ్ళను ప్రభువు విడిచిపెట్టాడా? ర్యాంకుతో ప్రేమను కొలిచే దేవుణ్ణి పిల్లలకు పరిచయం చేస్తే, ర్యాంకు రాని రోజున వాళ్ళు ఎవరి దగ్గరికి పోతారు? మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు చదివి చదివి నా గుండె బరువెక్కిపోయింది. అందులో విశ్వాసుల ఇళ్ళ పిల్లలు లేరని అనుకోకు.

యొర్దాను నది దగ్గర ఆకాశం నుంచి తండ్రి మాట వినపడిన సంగతి తెలుసు కదా. ఈయన నా ప్రియ కుమారుడు, ఈయనను చూసి ఆనందిస్తున్నానన్న మాట. ఆ మాట ఎప్పుడు పలికాడో చూడు. అప్పటికి యేసు ఒక్క ప్రసంగమూ చెయ్యలేదు. ఒక్క రోగినీ బాగుచెయ్యలేదు. నీళ్ళలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు, అంతే. పనికి ముందే ప్రేమ ప్రకటించాడు తండ్రి. నీ పిల్లలకు ఆ మాట ఫలితాలు రాకముందు చెప్పు. పరీక్ష రోజు పొద్దున, హాల్ టికెట్ చేతికిచ్చేటప్పుడు చెప్పు. ఫలితం వచ్చాక చెబితే అది బహుమానంగానో ఓదార్పుగానో వినపడుతుంది.

ప్రార్థన గురించి కూడా ఒక మాట. పిల్లలను మందలించడానికి ప్రార్థనను వాడుకోవద్దు. ప్రభువా, వీడు మాట వినడం లేదు, ఫోను వదలడం లేదు, వీడికి బుద్ధి దయచెయ్యి అని వాడి ఎదురుగా కళ్ళు మూసుకుని చెబితే, అది దేవుడితో మాట్లాడటం కాదు, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని వాణ్ణి తిట్టడం. వాడికి చెప్పాల్సింది కళ్ళు తెరిచి వాడికే చెప్పు. ప్రార్థనలో వాడి పేరు వచ్చినప్పుడు అది కృతజ్ఞతతో రావాలి. వాడు సొంత మాటల్లో ప్రార్థన చేస్తే దిద్దకు. కుక్కపిల్ల కోసం చేసినా, క్రికెట్ మ్యాచి కోసం చేసినా ఆమెన్ అను.

మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. అది ప్రభువు పిడికెడు. కుండ నిండాక గుడికి చేరేది, అక్కడి నుంచి ఇంకా లేనివాళ్ళకు. డోర్నకల్ ప్రాంతంలో అజరయ్య గారి కాలం నుంచి స్త్రీలు ఇలా తీసిపెట్టిన బియ్యంతో సంఘాలు నిలబడ్డాయి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పైన ఆ మనిషి, పేదలు కూడా ఇచ్చేవాళ్ళు కాగలరని నమ్మాడు. ఎడగారు రోజుల్లో, మాకే చాలనప్పుడు కూడా అమ్మ ఆ పిడికెడు ఆపలేదు. సారెపతు విధవరాలి కథ సండేస్కూల్లో విన్నప్పుడు నా కళ్ళకు కనపడింది మా అమ్మ చెయ్యి.

ఇప్పుడు నువ్వు కుండ పెట్టాల్సిన అవసరం లేదు. నీ ఇంట్లో ఆ పిడికెడు వేరే రూపంలో ఉంటుంది. చనువు కొద్దీ చెబుతున్నాను, నొచ్చుకోకు. పోయిన క్రిస్మస్‌కు వచ్చినప్పుడు, మీ ఇంట్లో పనిచేసే ఆవిడకు టీ ఇచ్చే గ్లాసు వేరుగా కిటికీ గూట్లో ఉండటం చూశాను. అందరిళ్ళల్లో అలాగే ఉంటుంది కాబట్టి అది తప్పని నీకు తట్టి ఉండదు. కానీ మనం ఎక్కడి నుంచి వచ్చామో మరిచిపోకూడదమ్మా. మన ముత్తాతలను ఊరి బావి గట్టు ఎక్కనివ్వలేదు. దోసిలి పడితే పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. 1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ క్లౌ దొరగారి దగ్గరికి మాదిగలు వస్తుంటే, వాళ్ళను చేర్చుకుంటే మేం రామని పై కులాలవాళ్ళు కబురు పెట్టారు. ఏం చెయ్యాలో తోచక దొరగారు ఒక గదిలో, దొరసాని మరో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం ఎదురైందట. లోకం నీచంగా చూసేవాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే భాగం. ఆ భార్యాభర్తల నిర్ణయం వల్లే సంఘం గుమ్మం మనలాంటి వాళ్ళకు మూసుకుపోలేదు.

సమరయ స్త్రీని ప్రభువు దాహానికి నీళ్ళిమ్మని అడిగాడు. ఆవిడ కుండలోని నీళ్ళే అడిగాడు. యూదులు ముట్టుకోని కుండ అది. ఈ కథ మీ చంటిది బొమ్మల బైబిల్లో చూసి నాకు చెప్పింది. అదే పిల్ల రోజూ కిటికీ గూట్లో ఆ గ్లాసు కూడా చూస్తోంది. రెండింటిలో ఏది గట్టిగా నాటుకుంటుందో నువ్వే ఆలోచించు. ఆ గ్లాసు తీసి మిగతావాటితో కలిపెయ్యి. ఎందుకు కలిపావని పిల్లలు అడిగితే చెప్పు. అడగకపోతే చెప్పకు. పనిచేసే ఆవిడను కుర్చీలో కూర్చోమని టీ ఇవ్వు. పిల్లల చేత అమ్మమ్మా అనో, పెద్దమ్మా అనో పిలిపించు.

ఇంకొక మాట. చావు సంగతి పిల్లల దగ్గర దాచకు. ఈసారి ఈస్టరు తెల్లవారుజామున పిల్లలను మన ఊరికి, సమాధుల దగ్గరికి తీసుకురా. సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాడుకునే ఆ వేళ వాళ్ళు చూడాలి. అమ్మమ్మ లోపలే ఉందా అని చంటిది అడుగుతుంది. శరీరం ఇక్కడుంది, ప్రభువు లేపుతాడని ఎదురుచూస్తున్నామని చెప్పు. నీకు ఏడుపొస్తే ఆపుకోకు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసీ ప్రభువు ఏడ్చాడు.

ఇక నీ సంగతి. నువ్వు బాగా అలిసిపోయి ఉన్నావు. ఫోనులో నీ గొంతే చెప్పింది. ఏలీయా అంత ప్రవక్త బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు, దేవుడు అతన్ని కోప్పడలేదు. ప్రార్థన తగ్గిందని దెప్పలేదు. పడుకోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ లేపి తినమన్నాడు. హోరేబు కొండ, ఆ మెల్లని స్వరం, అవన్నీ ఆ తర్వాత. పదింటికి సింకులో గిన్నెలు అలాగే ఉన్నా వదిలేసి పడుకున్న రాత్రి నువ్వు భక్తిలో వెనకబడినట్టు కాదు. పొద్దున కాఫీ కలుపుకుంటూ ఒక్క వచనం చదువుకో. వాట్సప్‌లో ఎవరో పంపిన వాగ్దానం కాకుండా, నీ బైబిల్లో, నీ వేలు పెట్టి చదువుకో. ఆ వచనం రోజంతా నీతో ఉంటుంది. సాయంత్రానికి పిల్లలతో ఏం మాట్లాడాలో దానికే తెలుస్తుంది.

తిమోతి విశ్వాసం గురించి రాసేటప్పుడు పౌలు ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు చెప్పాడు, అమ్మమ్మ లోయి, తల్లి యునీకే. ఆ మాట పట్టుకుని పిల్లల భక్తి అంతా తల్లుల పనేనని మనవాళ్ళు తేల్చేశారు. అది సరికాదు. తండ్రులూ, పిల్లలకు కోపం పుట్టించకండని అదే పౌలు తండ్రులకు ప్రత్యేకంగా రాశాడు. అందుకే ఈ ఉత్తరం నువ్వు చదివాక మీ ఆయన చేతికివ్వు. పెద్దత్తయ్య చదవమన్నదని చెప్పు. కుటుంబ ప్రార్థనకు పిల్లలను కూర్చోబెట్టే వంతు వారంలో సగం రోజులు తనది. ఆ సగం రోజులు వంటింటి పని కూడా తనదైతే, నీకు టైమెక్కడిదన్న ప్రశ్నకు జవాబు మీ ఇంట్లోనే దొరుకుతుంది. ఆదివారం గుడి నుంచి వచ్చాక ఇద్దరూ కలిసి ఫోను చెయ్యండి, మాట్లాడుకుందాం.

ప్రేమతో,
పెద్దమ్మ